కృపా? క్రియలా? క్రైస్తవుల మోక్ష సిద్ధాంతాన్ని న్యాయంగా అర్థం చేసుకుందాం

గత రమజాన్ మాసంలో ఒక సాయంత్రం, ఇఫ్తార్‌కు కాస్త ముందు, నా పూర్వ విద్యార్థి ఒకడు నన్ను చూడటానికి వచ్చాడు. గుంటూరులో ఉద్యోగం చేసుకుంటున్న యువకుడు. ముఖం వాడిపోయి ఉంది. కారణం అడిగితే కాసేపు తటపటాయించి చెప్పాడు.

“హజ్రత్! నాతో పనిచేసే క్రైస్తవ మిత్రుడొకరు ఉన్నారు. ఆరేళ్ల స్నేహం మాది. మొన్న మాటల మధ్యలో, ‘మీకేమన్నా! ఎన్ని పాపాలైనా చేసుకోవచ్చు. మీ బదులు యేసు శిక్ష అనుభవించేశాడు కదా’ అన్నాను. ఆయన కోప్పడలేదు. ‘మా అమ్మ ఏళ్ల తరబడి మంచానే ఉంది. ఆమెకు నేను చేసే సేవ దేవుడికి అక్కర్లేదని మా మతం చెబుతోందనుకుంటున్నావా తమ్ముడూ?’ అని అడిగి లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి మా మధ్య మాటలు తగ్గిపోయాయి.”

“క్రైస్తవం అలా చెబుతుందని నీకెవరు చెప్పారు బేటా?” అన్నాను.

అతను తల వంచుకున్నాడు. “తరగతిలో మీరే చెప్పారు హజ్రత్.”

నిజమే. చాలా ఏళ్ల క్రితం నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత గీసి, ఒకవైపు ‘ఇస్లాం: విశ్వాసం, సత్కర్మ’ అనీ, రెండోవైపు ‘క్రైస్తవం: విశ్వాసం మాత్రమే, సత్కర్మ అవసరం లేదు’ అనీ రాసేవాణ్ణి. విద్యార్థులు పరీక్షలో అదే రాసేవారు. నేను నిండుగా మార్కులు వేసేవాణ్ణి. ఆ తర్వాతి కాలంలో క్రైస్తవ వేదాంతుల రచనలు స్వయంగా చదివినప్పుడు ఆ గీత ఎంత తొందరపాటుతో గీసిందో తెలిసింది. కానీ అప్పటికే ఎందరో విద్యార్థులు దాన్ని మోసుకుని వెళ్లిపోయారు. ఈ వ్యాసం ఆ తప్పును దిద్దుకునే ప్రయత్నం.

ఒక జాతి పట్ల మీకున్న వైరం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదని అల్‌మాయిదా సూరా 8వ ఆయతులో అల్లాహ్ మనల్ని ఆదేశించాడు. గ్రంథప్రజలతో ఉత్తమమైన రీతిలోనే వాదించాలని అన్కబూత్ సూరా 46వ ఆయతు నిర్దేశిస్తోంది. వైరం ఉన్నచోటే న్యాయం తప్పనిసరి అయితే, ఇరుగుపొరుగుగా, సహోద్యోగులుగా మనతో మెలిగే వారి విషయంలో అది మరెంత తప్పనిసరి! ఒకరి విశ్వాసాన్ని వర్ణించడం కూడా ఒక సాక్ష్యమే. అందులో హెచ్చుతగ్గులు చేస్తే అది తప్పుడు సాక్ష్యం అవుతుంది.

మాటల వెనుక అర్థం

మన క్రైస్తవ సోదరుల నోట తరచుగా వినిపించే మూడు మాటలున్నాయి: కృప, రక్షణ, క్రియలు. కృప అంటే అర్హత లేనివారికి దేవుడు ఉచితంగా చేసే అనుగ్రహం. రక్షణ అంటే పాపం నుంచి, దాని పర్యవసానం నుంచి విముక్తి. క్రియలు అంటే మనిషి చేసే పనులు. సందర్భాన్ని బట్టి కొన్నిచోట్ల అవి మోషే ధర్మశాస్త్ర విధులు, కొన్నిచోట్ల సాధారణ సత్కార్యాలు. ఈ తేడా గమనించకపోవడం వల్లే సగం అపార్థాలు పుడతాయి.

వారి ముందున్న ప్రశ్న ఇది: పాపి అయిన మనిషిని దేవుడు ఏ ఆధారంతో నిర్దోషిగా స్వీకరిస్తాడు? మనిషి కూడబెట్టుకున్న పుణ్యాన్ని చూసా? లేక తన దయ వల్లనా? దయ వల్లనే అయితే మనిషి చేసే పనుల స్థానం ఏమిటి? రెండు వేల సంవత్సరాలుగా వారి పండితులు ఈ ప్రశ్నతో కుస్తీ పడుతూనే ఉన్నారు. సత్కర్మలు వ్యర్థమని తేల్చేసిన మతానికి ఇంత సుదీర్ఘమైన చర్చ అవసరమే ఉండదు.

ఇద్దరికీ ఆధారం ఇబ్రాహీమే

ఈ చర్చ బైబిలులోనే మొదలవుతుంది. యూదులు కాని జాతుల నుంచి కొత్తగా విశ్వసించిన వారు సున్నతి చేయించుకోవాలా, మోషే ధర్మశాస్త్ర విధులన్నీ పాటించాలా అన్న వివాదం తొలి శతాబ్దంలోనే తలెత్తింది. గలతీయులకు, రోమీయులకు రాసిన పత్రికలలో పౌలు అక్కర్లేదన్నాడు. మనిషి ధర్మశాస్త్ర క్రియల వల్ల కాక విశ్వాసం వల్ల నీతిమంతునిగా ఎంచబడతాడని వాదించాడు.

యాకోబు పేరిట ఉన్న పత్రిక మరో కోణం నుంచి మాట్లాడుతుంది. బట్టలు లేక, తిండి లేక ఉన్న సోదరుడికి ఏమీ ఇవ్వకుండా శుభవచనాలు పలికి పంపేస్తే ఏం ప్రయోజనమని ప్రశ్నిస్తుంది. క్రియలు లేని విశ్వాసం ప్రాణం లేనిదని తీర్పు చెబుతుంది.

ఈ రెండు పక్షాలూ సాక్షిగా పిలిచింది మన ఇబ్రాహీం (అలైహిస్సలాం) గారినే. దేవుని వాగ్దానాన్ని ఆయన నమ్మాడు, ఆ నమ్మకమే ఆయనకు నీతిగా ఎంచబడిందని పౌలు చూపాడు. కన్నకొడుకును బలిపీఠం మీద ఉంచడానికి సిద్ధపడిన ఆచరణలోనే ఆ విశ్వాసం సంపూర్ణమైందని యాకోబు పత్రిక చూపింది. ఆ కుమారుడు ఇస్‌హాఖ్ అని బైబిలు చెబుతుంది, ఇస్మాయీల్ అని మన పండితుల్లో అత్యధికుల అభిప్రాయం. ఆ భేదాన్ని అలా ఉంచితే, విశ్వాసమూ విధేయతా ఒకే మహనీయుని జీవితంలో విడదీయరానివిగా ఉన్నాయన్నది మూడు వర్గాల వారూ ఒప్పుకునే మాట.

పౌలు పేరిట ఉన్న ఎఫెసీయుల పత్రిక రెండో అధ్యాయాన్నే తీసుకుందాం. ఎవరూ గొప్పలు చెప్పుకోకుండా ఉండేందుకు రక్షణ క్రియల వల్ల కాక కృప వల్లనే కలుగుతుందని అది చెబుతుంది. మనలో చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. ఆ మరుసటి వాక్యమే, విశ్వాసులు సత్క్రియల కోసమే సృష్టించబడ్డారని చెబుతుంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో అంతిమ తీర్పు వర్ణన ఉంది. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారా, రోగులను పరామర్శించారా, చెరసాలలో ఉన్నవారిని చూశారా అన్నవే అక్కడి ప్రశ్నలు. సహీహ్ ముస్లింలోని ఒక హదీసె ఖుద్సీ చదివినవారికి ఈ వర్ణన ఎంతో పరిచితంగా అనిపిస్తుంది. రోగిని పరామర్శించనివారిని, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టనివారిని ప్రళయదినాన అల్లాహ్ నిలదీస్తాడని, ఆ రోగి దగ్గరే తన సన్నిధి లభించేదని తెలియజేస్తాడని ఆ హదీసు సారాంశం.

అగస్టీన్ నుంచి లూథర్ వరకు

అయిదో శతాబ్ది ఆరంభంలో ఈ చర్చ తీవ్రరూపం దాల్చింది. పెలాగియస్ అనే సన్యాసి, దేవుడు మనిషికి స్వేచ్ఛాసంకల్పం ఇచ్చాడు కనుక అతను తలచుకుంటే పాపం చేయకుండా జీవించగలడని బోధించాడు. హిప్పో నగర బిషప్ అగస్టీన్ (354-430) దాన్ని ఖండించాడు. ఆ నగరం నేటి అల్జీరియాలోని అన్నాబా. ఆదాము పాపం వల్ల మానవ సంకల్పమే దెబ్బతిన్నదని, మంచి వైపు మొదటి అడుగు వేయడానికి కూడా దేవుని కృప కావాలని ఆయన వాదన. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధనను తోసిపుచ్చింది.

ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా గడిచాయి. జర్మనీలో మార్టిన్ లూథర్ (1483-1546) అనే సన్యాసి మఠంలో ఉపవాసాలు, జాగారాలు చేస్తూ, గంటల తరబడి తన పాపాలు ఒప్పుకుంటూ కూడా మనశ్శాంతి లేక నలిగిపోయాడు. ఎంత చేస్తే దేవునికి చాలు? ఇదే ఆయనను తినేసిన ప్రశ్న. అదే కాలంలో, పాపాలకు పడవలసిన శిక్షను తగ్గిస్తామంటూ డబ్బు తీసుకుని పత్రాలు ఇస్తున్నారు. ఆ సొమ్ములో కొంత రోములోని సెయింట్ పీటర్స్ ఆలయ నిర్మాణానికి వెళ్లేది. 1517 అక్టోబరు 31న లూథర్ దీన్ని ప్రశ్నిస్తూ 95 ప్రతిపాదనలు వెలువరించాడు. రోమీయుల పత్రికను అధ్యయనం చేసి, మనిషి నీతిమంతునిగా ఎంచబడేది విశ్వాసం ద్వారా మాత్రమేనన్న నిర్ణయానికి వచ్చాడు. యాకోబు పత్రికను గడ్డిపరకతో పోల్చి తక్కువ చేసేంత దూరం వెళ్లాడు. అయినా దాన్ని బైబిలు నుంచి తొలగించలేదు.

మనం తెలుసుకోవలసిన అసలు సంగతి ఇక్కడుంది. లూథర్ అనుచరుడైన అగ్రికోలా, విశ్వాసికి ఇక ధర్మశాస్త్ర బోధ అక్కర్లేదని ప్రచారం చేసినప్పుడు, దాన్ని గట్టిగా ఖండించింది లూథరే. మంచి పండు కాసినందువల్ల చెట్టు మంచిది కాదు, చెట్టు మంచిదైతే పండు మంచిదవుతుందన్నది ఆయన ధోరణి. అంటే సత్కర్మ రక్షణకు వెల కాదు, రక్షణ పొందినవాడి నుంచి తప్పక వెలువడే ఫలం. పండు ఎన్నడూ కాయని చెట్టును ఆయన కూడా మంచి చెట్టు అనలేదు.

కథోలిక సంఘం ట్రెంట్ సభలో (1545-1563) దీనికి సమాధానమిచ్చింది. 1547 జనవరిలో వెలువడిన నిర్ణయం ప్రకారం ప్రారంభం దేవుని కృపతోనే. మనిషి తన స్వేచ్ఛతో ఆ కృపకు సమ్మతించి సహకరించాలి, ప్రేమతో, విధేయతతో ఎదగాలి. విశ్వాసం ఒక్కటే చాలన్న మాటను ఆ సభ తిరస్కరించింది. కృప లేకుండా మనిషి స్వశక్తితో, తన క్రియలతో నీతిమంతుడు కాగలడన్న మాటను కూడా అంతే స్పష్టంగా తిరస్కరించింది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు దైవకృప, మానవ ప్రయత్నం కలసి పనిచేస్తాయని బోధిస్తాయి.

ఈ చర్చ మన ప్రాంతానికి దూరమైనదేమీ కాదు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ అనే లూథరన్ మతప్రచారకుడు 1842లో గుంటూరు చేరాడు. లూథర్ బోధించిన ‘కృప’ ఆ విధంగా మన పొరుగిళ్లలోకి వచ్చింది.

చౌకబారు కృప

క్రైస్తవులలో ‘యేసును నమ్మాను, ఇక ఎలా బతికినా పరవాలేదు’ అనుకునేవారు లేరా? ఉన్నారు. వారిని అందరికంటే తీవ్రంగా నిలదీసింది క్రైస్తవ పండితులే. జర్మన్ లూథరన్ బోధకుడు డీట్రిష్ బాన్‌హోఫర్ 1937లో ప్రచురించిన గ్రంథంలో, పశ్చాత్తాపం లేని క్షమాపణకు, అనుసరణ లేని విశ్వాసానికి ‘చౌకబారు కృప’ అని పేరు పెట్టి, అది సంఘానికి ప్రాణశత్రువని హెచ్చరించాడు. హిట్లర్ పాలనను ఎదిరించినందుకు 1945 ఏప్రిల్ 9న ఆయనను ఉరితీశారు. ఆయన మార్గంతో మనకు ఏకీభావం లేకపోవచ్చు. కానీ ఆచరణ అక్కర్లేదన్న మతం నుంచి అలాంటి మనిషి పుట్టడు.

1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో కథోలిక సంఘం, ప్రపంచ లూథరన్ సమాఖ్య ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మనిషి దేవుని చేత స్వీకరించబడేది అతని అర్హత వల్ల కాదు, కృప వల్లనే, ఆ కృపే అతణ్ణి సత్క్రియలకు సిద్ధం చేస్తుందన్నది దాని సారాంశం. 2006లో మెథడిస్టులు కూడా దానిలో చేరారు. ఇంకా భేదాలు మిగిలే ఉన్నా, సత్కర్మ అనవసరమని ఆ ముగ్గురిలో ఒక్కరూ అనలేదు.

మన ఇంట్లోనూ ఇదే ప్రశ్న

ఇప్పుడు నల్లబల్ల మీది రెండో గడికి వద్దాం. ‘మనం మాత్రం ఆచరణలతో స్వర్గానికి వెళతాం’ అని మనం అనుకునే మాట ఎంతవరకు సరైనది?

బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ అబూ హురైరా (రజి), హజ్రత్ ఆయిషా (రజి) గార్ల ఉల్లేఖనాలున్నాయి. ఎవరినీ వారి ఆచరణ స్వర్గంలో ప్రవేశపెట్టజాలదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. తమరిని కూడానా అని సహచరులు అడిగితే, అల్లాహ్ తన కారుణ్యంతో కప్పితే తప్ప తనను కూడా అని సమాధానమిచ్చారు. రాత్రి నమాజులలో పాదాలు వాచేంతసేపు నిలబడిన మహనీయుని మాట ఇది! ఆ వెంటనే ఆయన సరైన మార్గాన నడవండని, మధ్యేమార్గం అవలంబించండని ఉపదేశించారు. కొద్దిపాటిదైనా నిరంతరంగా చేసే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదని కూడా తెలిపారు. ఆచరణ మీద భరోసా తీసేసిన నోటితోనే ఆచరణకు ఆజ్ఞ కూడా ఇచ్చారన్నమాట.

మరి మీరు చేసిన కర్మలకు బదులుగా స్వర్గంలో ప్రవేశించండని దైవదూతలు పలుకుతారని అన్నహ్ల్ సూరా 32వ ఆయతు చెబుతోంది కదా? ఈ రెంటినీ మన పండితులు చక్కగా సమన్వయపరిచారు. ఆచరణలు స్వర్గప్రవేశానికి కారణమే. కానీ ఆ ఆచరణ చేసే సద్బుద్ధి, దానిలో చిత్తశుద్ధి, చివరికి అది స్వీకరించబడటం అన్నీ అల్లాహ్ కారుణ్యమేనని ఇమామ్ నవవీ (మరణం హిజ్రీ 676) వివరించారు. ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ వంటివారు ఆచరణ స్వర్గానికి కారణమే గానీ వెల కాదని విడమరిచారు. రైతు విత్తనం చల్లకపోతే పంట రాదు. అలాగని విత్తనం వానకు వెల కాదు.

మన చరిత్రలోనూ రెండు అతివాదాలు తలెత్తాయి. ఘోరపాపం చేసినవాడు విశ్వాసం నుంచే బయటపడ్డాడని ఖారిజీలు అన్నారు. విశ్వాసం ఉంటే పాపం ఏ హానీ చేయదని ముర్జియాలలోని అతివాదులు అన్నారు. విధేయుడికి ప్రతిఫలం ఇవ్వడం అల్లాహ్‌పై విధి అని ముఅతజిలాలు వాదించారు. అహ్లె సున్నత్ పండితులు ఈ మూడింటినీ కాదని, పాపి శిక్షార్హుడే గానీ అవిశ్వాసి కాడని, ప్రతిఫలం అల్లాహ్ అనుగ్రహమే గానీ ఆయన తీర్చవలసిన బాకీ కాదని తేల్చారు. నేను క్రైస్తవులందరికీ అంటగట్టిన మాట నిజానికి మన ముర్జియా అతివాదుల మాటకు దగ్గరగా ఉంది. మన పండితులు వారిని ఎలా ఖండించారో, క్రైస్తవ పండితులూ తమలోని అటువంటి వారిని అలాగే ఖండించారు.

అసలు భేదం ఎక్కడ?

అయితే రెండు ధర్మాల మధ్య తేడా లేదా అని మీరడగవచ్చు. ఉంది, చాలా పెద్దది. కానీ అది మనం గీసిన గీత దగ్గర లేదు. కృప కావాలా వద్దా అన్నది భేదం కాదు. ఆ కృప మనిషికి ఎలా చేరుతుందన్నదే భేదం.

ఆదాము పాపంతో మానవజాతి మొత్తం పతనమైందని, యేసు శిలువపై అర్పించిన ప్రాయశ్చిత్తం ద్వారానే దేవుని న్యాయమూ కరుణా రెండూ నెరవేరాయని క్రైస్తవులలో అత్యధికులు విశ్వసిస్తారు. దివ్య ఖుర్ఆన్ బోధ వేరు. ఆదం (అలైహిస్సలాం) పొరపాటు చేశారు, ప్రభువు నుంచి కొన్ని వాక్యాలు నేర్చుకుని పశ్చాత్తాపపడ్డారు, అల్లాహ్ ఆయనను క్షమించాడని అల్‌బఖరా సూరా 37వ ఆయతు చెబుతోంది. వ్యవహారం అక్కడితో ముగిసింది, ఆయన సంతానానికి వారసత్వంగా రాలేదు. ఏ ప్రాణీ మరో ప్రాణి భారాన్ని మోయదని అల్‌అన్‌ఆమ్ సూరా 164వ ఆయతు స్పష్టం చేస్తోంది. ఈసా (అలైహిస్సలాం) శిలువపై మరణించారన్న మాటను అన్నిసా సూరా 157వ ఆయతు నిరాకరిస్తోంది. దాసునికీ ప్రభువుకూ మధ్య పశ్చాత్తాప ద్వారం నేరుగా తెరిచి ఉంది. పాపాన్ని విడిచిపెట్టడం, చేసినందుకు కుమిలిపోవడం, మళ్లీ చేయకూడదని నిశ్చయించుకోవడం, తోటి మనిషి హక్కు హరించి ఉంటే దాన్ని తిరిగి అప్పగించడం: ఇవే దాని షరతులు.

మన సోదరులతో సంభాషించవలసింది ఈ అంశాలపైనే. వారు నమ్మని దాన్ని వారికి అంటగట్టి ఖండిస్తే మన వాదన గెలిచినట్లు కాదు, అసలు మొదలే కానట్లు.

మన ఇళ్లకు ఒక అద్దం

అన్నిసా సూరా 123వ ఆయతు ఈ విషయంలో మనల్ని వదిలిపెట్టలేదు. పరిణామం మీ కోరికలపై గానీ, గ్రంథప్రజల కోరికలపై గానీ ఆధారపడి లేదని, చెడు చేసినవాడు దాని ఫలితం అనుభవిస్తాడని అది ప్రకటిస్తోంది. గమనించండి, మందలింపు ముందుగా మనకే!

‘అల్లాహ్ కరుణామయుడు, కలిమా చదివినవాళ్లం, ఏదో ఒకనాడు స్వర్గానికి వెళ్లకపోతామా’ అంటూ నమాజు వదిలేసే యువకుడు మన ఇళ్లలో లేడా? తోబుట్టువుల ఆస్తి హక్కు ఎగ్గొట్టి, హజ్ చేసి వస్తే అన్నీ కడుక్కుపోతాయని ధీమా పడే పెద్దమనిషి లేడా? ఇది చౌకబారు కృప కాక మరేమిటి? మరోవైపు, ఎన్ని రకాతులు చదివాం, ఎన్నిసార్లు ఖుర్ఆన్ పూర్తి చేశాం అని లెక్కలు వేసుకుంటూ, అంత చేయలేని కోడలిని చిన్నచూపు చూసే అత్తగారు కూడా ఉన్నారు. ఆమె లెక్కపుస్తకంలో అల్లాహ్ కారుణ్యానికి చోటే లేదు.

భయాన్ని, ఆశను మన పెద్దలు పక్షికున్న రెండు రెక్కలతో పోల్చారు. పిల్లలకు ఈ రెండూ కలిపి నేర్పుదాం. నమాజుకు లేపేటప్పుడు ‘లేవకపోతే నరకం’ అని మాత్రమే చెప్పకండి. ‘నిన్ను లేపింది కూడా ఆయన అనుగ్రహమే’ అని చెప్పండి. పొరుగింటి క్రైస్తవ కుటుంబం గురించి అడిగితే, ‘వాళ్లు మంచి పనులు అక్కర్లేదంటారు’ అనకండి. ‘వాళ్లూ దేవుని దయనే ఆశిస్తారు, దానికి మార్గం విషయంలో మనకూ వారికీ భేదం ఉంది’ అని నిజం చెప్పండి.

ఆ సాయంత్రం నా విద్యార్థికి రెండు పనులు చెప్పాను. మొదటిది, ఆ మిత్రుణ్ణి క్షమాపణ అడగడం. రెండోది, ఆయన తల్లిని పరామర్శించడం. రోగిని పరామర్శించడంలో మతభేదం చూడవద్దనడానికి, జబ్బుపడిన యూద బాలుణ్ణి దైవప్రవక్త (స) స్వయంగా వెళ్లి పరామర్శించిన ఉదంతం బుఖారీలో ఉంది కదా. పండుగ తర్వాత అతను ఫోన్ చేశాడు. పండ్లు తీసుకుని వెళ్లాడట. ఆ తల్లి అతని తల మీద చేయి వేసి, దేవుని కృప నీకు తోడుండాలని దీవించిందట. ఏమని బదులివ్వాలో తెలియక అతను ‘ఆమీన్’ అన్నాడట.

“సరిగ్గానే అన్నావు బేటా” అన్నాను.

ఇప్పుడు నా తరగతిలో నల్లబల్ల మీద ఆ గీత లేదు. తప్పు దిద్దుకునే సద్బుద్ధి కలగడం కూడా ఆయన అనుగ్రహమే. అల్లాహ్ మనకు న్యాయంగా పలికే నాలుకను, చిత్తశుద్ధితో కూడిన ఆచరణను, ఆ ఆచరణపై గర్వించని మనసును ప్రసాదించుగాక! తన కారుణ్యంతో మనందరినీ కప్పివేయుగాక! ఆమీన్.